దేవసూగూరు దిగువన, రొమ్ముబంటి రేవు

సముద్రం అడుగు ఎలా ఉంటుందో పటం గీసి చెప్పడం నా ఉద్యోగం. ఆ మాట చెప్పగానే నేను నీళ్ళలో మునుగుతాననుకుంటారు అందరూ. నాకు ఈత కూడా సరిగా రాదు. పడవలో కూర్చుని సోనార్ యంత్రంతో నీళ్ళలోకి చప్పుడు పంపిస్తాం. అది నేలకు తగిలి తిరిగి రావడానికి ఎంతసేపు పట్టిందో చూసి లోతు లెక్క కడతాం. ఇంకో యంత్రం ఉంది, అది కొట్టే దెబ్బ నేలలోకి కూడా దిగి, ఇసుక ఎక్కడిదాకా ఉంది, బండ ఎక్కడ మొదలైంది చెబుతుంది. కాకినాడ తీరంలో ఈ పని చేస్తూ మునిగిన పడవలు చూశాను, తెగిపడిన లంగర్లు చూశాను, దేనికీ పెద్దగా ఉలిక్కిపడలేదు. సముద్రపు గాలి కూడా సోకని రాయచూరు జిల్లాకు వెళ్ళి తెరిచిన నోరు మాత్రం ఇంటికొచ్చాక కూడా మూతపడలేదు. అటు వెళ్ళని వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

పని చిన్నదే. దేవసూగూరుకు దిగువన కృష్ణ ఒడ్డున ఒక పల్లె ఉంది. చుట్టుపక్కల ఊళ్ళకు తాగునీళ్ళు తోడే బావి నదిలో ఎక్కడ కడితే మంచిదో తేల్చడానికి అడుగు పటం కావాలన్నారు. ఆ పల్లె పేరు రాయను. ఎందుకో చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది. నాతో అప్పలరాజు వచ్చాడు. యాభై దాటిన మనిషి, ఎన్నో ఏళ్ళుగా మా పడవ నడుపుతున్నాడు. సముద్రం తప్ప తక్కిన నీళ్ళన్నీ అతని లెక్కలో గుంటలే.

రాయచూరు, పొద్దున్నే మిరపకాయ

స్టేషన్‌లో దిగగానే జీపు డ్రైవర్ వెంకటేశ్ ఎదురొచ్చాడు. రాయచూరులో తాతల నాటి నుంచీ ఉన్న తెలుగు కుటుంబం వాళ్ళది. యంత్రాల పెట్టెలు జీపెక్కించి నేరుగా హోటలు ముందు ఆపాడు.

“రండి మేడమ్, ముందుగాల నాష్టా చేద్దాం. సామాను ఏడికీ పోదు.”

ఒగ్గాని అని తెచ్చిపెట్టారు. బొరుగులు తడిపి, ఉల్లిపాయా పచ్చిమిర్చీ వేసి తాలింపు పెట్టింది. పక్కన నా అరచెయ్యంత మిర్చి బజ్జీలు రెండు. ప్లేటు ముప్పై రూపాయలు. పొద్దున్న ఏడు గంటలకు మిర్చి బజ్జీ తినే జనాన్ని నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. చుట్టూ చూస్తే ఆఫీసులకు పోయేవాళ్ళు, ముసలమ్మలు అందరూ అవే తింటున్నారు.

“పొద్దున్నే మిర్చీనా?” అన్నాను.

“మరేం తింటరు మీరు? ఇడ్లీనా? గది బీమారోళ్ళు తినేది మేడమ్.”

అప్పలరాజు ఒక బజ్జీ కొరికి, ముక్కూ కళ్ళూ తుడుచుకుని, “దీన్ని ఎరగా కడితే సొర చేపైనా ఒడ్డుకొచ్చేస్తదండి,” అన్నాడు. అయినా రెండూ తిన్నాడు. వెంకటేశ్ ఆ కాసేపట్లోనే సర్వరుతో కన్నడం, ఫోనులో ఎవరితోనో ఉర్దూ, మాతో తెలుగు మాట్లాడాడు. మూడింటికీ మధ్య గేరు మార్చినట్టు కూడా కనపడలేదు. నాకు ఇంగ్లీషు ఫోనొస్తే లేచి బయటికి పోయి మాట్లాడే అలవాటు. సిగ్గేసింది.

మాన్వి దగ్గర క్యాంపు

మాన్వి వైపు తుంగభద్ర కాలవ కింద, ఆంధ్ర నుంచి వచ్చిన రైతులు కట్టుకున్న క్యాంపు ఊళ్ళలో ఒకదాంట్లో మా పిన్ని వాళ్ళుంటారు. పని మొదలెట్టే ముందు ఒకపూట వెళ్ళొచ్చాను. దారంతా కన్నడ బోర్డులు, పత్తి లారీలు. జీపు మట్టిరోడ్డులోకి తిరిగేసరికి గుండె ఆగినంత పనైంది. వరి చేలు, గట్ల మీద కొబ్బరి చెట్లు, వాకిట్లో ముగ్గు, అరుగు మీద పంచె ఎగ్గట్టుకున్న బాబాయి. మా గోదావరి ఊరిని ఎవరో పెకలించి ఇక్కడ నాటేసినట్టుంది.

“ఏమే సుభద్రా, ఎండు రొయ్యలు తెచ్చావా లేదా? అది చెప్పి లోపలికి రా,” అంది పిన్ని. తెచ్చానని సంచీ చూపిస్తే గానీ కాళ్ళకు నీళ్ళివ్వలేదు. పెళ్ళై ఇక్కడికొచ్చి ముప్పై ఏళ్ళు దాటినా ఆవిడ మాటలో ఒక్క అక్షరం మారలేదు. కూరగాయల బండివాడితో మాత్రం చక్కటి కన్నడంలో పోట్లాడింది.

భోజనాలయ్యాక బాబాయి కాలవ గట్టుకు తీసుకెళ్ళాడు. నీళ్ళు తేటగా పారుతున్నాయి. నేను బాగున్నాయన్నాను.

“ఏం బాగు? మేం వచ్చిన కొత్తలో ఎర్రగా ఒండ్రు మట్టితో వచ్చేవి. ఆ మట్టి చేలో పడితే ఎరువు అక్కర్లేకపోయేది. ఇప్పుడదంతా డ్యాములోనే దిగిపోతోందమ్మా. మనకొచ్చేవి ఒట్టి నీళ్ళు,” అన్నాడు.

ఊఁ కొట్టి ఊరుకున్నాను. రైతులకు ఎప్పుడూ ఏదో ఒక లోటు ఉంటుందిలే అనుకున్నాను.

రేవు

దేవసూగూరులో సూగురేశ్వరుడికి దండం పెట్టుకుని ముందుకు సాగాం. వెనక థర్మల్ పొగగొట్టాలు, పక్కన నల్లటి బండల మధ్య కృష్ణ, ఆవల ఒడ్డు తెలంగాణ. పల్లె దగ్గర రేవులో పుట్టి కనిపించింది. గుండ్రటి పెద్ద గంపలా ఉంటుంది ఆ పడవ. అప్పలరాజు దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

“ఇదేం పడవండీ బాబూ! దీనికి ముందేది, ఎనకేది?”

పుట్టివాడు బీడీ తియ్యకుండానే, “నువ్వు యాడికి పోతవో గదే ముందు,” అన్నాడు.

మాకు తాయమ్మ ఇంట్లో బస. ముప్పై అయిదేళ్ళుంటాయి ఆమెకు. భర్త ఈరన్న పోయి ఏడాదవుతోందని వెంకటేశ్ దారిలో చెప్పాడు, ఎలా పోయాడో చెప్పలేదు. కొత్త సిమెంటు ఇల్లు. మరిది మారెప్ప పక్క గదిలో ఉంటాడు. ఆమె జొన్న రొట్టె చేతుల మధ్య చరుస్తుంటే చూసి నేనూ ఒకటి చరిచాను. సగం రొట్టె పొయ్యిలో పడింది, సగం నా చీర మీద పడింది. అందరూ పగలబడి నవ్వారు, తాయమ్మ తప్ప. పుండికూర అని పెట్టింది. తింటే మా గోంగూరే! శేంగా పొడి, అంటే వేరుశనగ పొడి, నూనె వేసుకుని మూడు రొట్టెలు తిన్నాను. ఇంత మంచి వంట చేసే మనిషి ముఖంలో నవ్వు లేకపోవడం నాకేదోలా అనిపించింది.

మర్నాడు ఆ పుట్టికే యంత్రాలు కట్టి పని మొదలుపెట్టేటప్పుడు గుడి పెద్ద బసన్న వచ్చి పక్కనే నిలబడ్డాడు. ఆ వారంలోనే ఊరమ్మ జాతర. అమ్మవారి ముఖం చెక్కిన ఇత్తడి బిందెను ఒక మనిషి తల మీద పెట్టుకుని ఈ రేవులోకే దిగాలి. అమ్మ ఊరికి వీపు చూపకూడదు కాబట్టి అతను ఊరి వైపే చూస్తూ వెనక్కి నడవాలి. బిందె జారకుండా తలకూ భుజాలకూ గుడ్డతో బిగించి కడతారు. నీళ్ళు రొమ్ముబంటి రాగానే ఆగి, మూడు మునకలు వేసి రావాలి. ఈసారి మోసేది మారెప్ప.

“రేవులో ఎంత లోతుంటుంది?” అనడిగాను.

“రొమ్ముబంటి మేడమ్. మా తాతలకాంచి గంతే.”

ఇక్కడ మా పని గురించి ఒక్క ముక్క చెప్పాలి. లోతు తక్కువ ఉన్నచోట చప్పుడు నేలకూ నీటి పైభాగానికీ మధ్య రెండుసార్లు కొట్టుకుంటుంది. అప్పుడు యంత్రం లేని లోతును ఉన్నట్టు చూపిస్తుంది. అందుకని ఒడ్డు దగ్గర ఒక హద్దు పెడతాం. దాన్ని మించి వచ్చిన లోతును నమ్మకుండా కొట్టేసి, ఆ ఖాళీని చుట్టుపక్కల నేలను బట్టి నింపెయ్యమని యంత్రానికి చెబుతాం. సముద్రంలో రోజూ చేసేదే. ఊరంతా రొమ్ముబంటి అంటోంది కదా, దానికి కాస్త ఎక్కువగా హద్దు పెట్టి పని కానిచ్చాను.

మిషన్ సాక్ష్యం

సాయంత్రం గుడి ముందు కొత్త మంటపంలో కంప్యూటర్ తెరిస్తే ఊరు ఊరంతా మూగింది. నది అడుగు రంగురంగుల్లో కనిపించేసరికి పెద్దలు కూడా పిల్లల్లా తోసుకున్నారు. నాకు కాస్త గర్వంగానే ఉంది. రేవు చోటు చూపించి, “ఇక్కడ చాపలా సాపుగా ఉంది. ఎవరికీ ఏ భయమూ లేదు,” అన్నాను.

గుంపులోంచి ఒకతను చెయ్యెత్తి అరిచాడు. “సూసిండ్రా! మిషన్ గూడ చెప్తున్నది. ఏట్ల ఏం లేదు. తప్పు ఈరన్నదే!”

అవునవునని నలుగురు తలలూపారు. నాకేమీ అర్థం కాక వెంకటేశ్ వైపు చూశాను. అతను నా పక్కన కూర్చుని మెల్లగా చెప్పాడు.

“పోయిన జాతరకు బిందె ఎత్తుకున్నది ఈరన్ననే మేడమ్. గిట్లనే ఎనక్కి నడుస్త నడుస్త ఒక్కసారే కనపడకుంట పోయిండు. బిందె కట్టి ఉండె గద, పైకి రాలే. మూడో దినం బిందెతోనే దిగువ బండల కాడ దొరికిండు. ఒక్కపొద్దు ఇడిచిండు, అందుకే అమ్మ గుంజుకున్నదన్నరు. ఆ దినం రాయచూరుల మిర్చి బజ్జీ తిన్నడని ఎవడో పుట్టిచ్చిండు. అప్పటిసంది తాయమ్మను గుడి మెట్టు ఎక్కనిస్తలేరు.”

బజ్జీ! ఏం చేశాన్నేను? ఎవరూ అడక్కుండానే చచ్చిపోయిన మనిషి మీద సాక్ష్యం చెప్పాను, అదీ రంగుల బొమ్మతో. తల తిప్పితే తాయమ్మ మంటపం కింద, మెట్టుకు ఇవతల నిలబడి ఉంది. అంతా విన్నది. గొంతు పెంచకుండా అడిగింది.

“సాపు నేల మీద ఈతొచ్చిన మనిషి ఎట్ల మునిగిండు మేడమ్?”

ప్రశ్న సరైనది. ఊళ్ళో వాళ్ళు రొమ్ముబంటి అన్నారని నేను హద్దు పెట్టాను. ఇప్పుడు నా పటం రొమ్ముబంటి అంటోందని ఊరు నమ్ముతోంది. వాళ్ళ మాటనే రంగులద్ది వాళ్ళకే తిరిగిచ్చానన్నమాట!

అక్కడే కూర్చుని హద్దు తీసేసి, యంత్రానికి అందిన లోతులన్నీ ఉన్నవి ఉన్నట్టు తెరిచాను. రేవులో రొమ్ముబంటి చోటుకు నాలుగడుగులు అవతల నేల మాయమైంది. అంచు గోడలా నిటారుగా దిగిపోయింది. దొంగ ప్రతిధ్వని అయితే అసలు లోతుకు సరిగ్గా రెట్టింపు రావాలి, ఇది అంతకు మించి పోతోంది. గుంత మీదుగా ఎన్నిసార్లు పడవ నడిపామో అన్నిసార్లూ అంచు అదే చోట పడింది. నేల పొరలు చూసే యంత్రం బొమ్మ కూడా తీశాను. చుట్టూ ఇసుక పొర మందంగా ఉంది. గుంత దగ్గరకొచ్చేసరికి కత్తితో కోసినట్టు తెగిపోయింది. అడుగున ఇసుక జాడే లేదు, ఒట్టి బండ. ఏ నదీ తన నేలను ఇలా కోసుకోదు.

ఏడాది కింద ఒక మనిషిని మింగిన గుంతను నేను నా చేత్తో పూడ్చేసి, సాపుగా రంగేశాను. ఈ వారం మారెప్ప దాంట్లోకి వెనక్కి నడవబోతున్నాడు.

తాడు

మళ్ళీ యంత్రం చెప్పిందంటే ఎవరు నమ్ముతారు? నేనే నమ్మే స్థితిలో లేను. పొద్దున్నే బసన్ననూ మారెప్పనూ పడవలో కూర్చోబెట్టుకుని రేవులోకి వెళ్ళాం. అప్పలరాజు తాడుకు రాయి కట్టి వదిలాడు. మొదట చటుక్కున అందింది, రొమ్ముబంటే. పడవను నాలుగడుగులు జరిపి మళ్ళీ వదిలాడు. తాడు దిగుతూనే ఉంది. మారెప్ప పడవ అంచు గట్టిగా పట్టుకున్నాడు. రాయి నేల తాకేసరికి ఇద్దరు మనుషులు ఒకరి మీద ఒకరు నిలబడినా మునిగేంత తాడు లోపలుంది.

“అమ్మ బాబోయ్! ఇది గుంట కాదండి, నుయ్యి,” అన్నాడు అప్పలరాజు.

బసన్న తడిసిన తాడును బార పెట్టి కొలిచి చూసి అన్నాడు. “గీ గుంత మాదే మేడమ్. మంటపం కట్టేటప్పుడు, పోయిన జాతరకు ముందటి ఎండకాలంల ఇసుక తోడినం. ఇండ్లకు గూడ ఈడికెళ్ళే కొట్టుకపోయినం. వానలొస్తే ఏరు తన గుంత తనే పూడ్చుకుంటది గద? మా నాయన కాలంల ఒక్క వరదకే పూడుతుండె.”

పూడుతుండేది. పై నుంచి ఇసుక వచ్చేది కాబట్టి పూడుతుండేది. బాబాయి కాలవ గట్టు మీద చెప్పిన మాట అప్పుడు నా చెవిలో గంటలా మోగింది. ఆ నది వేరు, ఈ నది వేరు. ఎగువన డ్యాము ఇక్కడా ఉంది. ఇసుక అక్కడే దిగిపోతే ఇక్కడికొచ్చేవి ఒట్టి నీళ్ళు. అదే బసన్నకు చెప్పాను. ఆయన రెండు చేతులతో తల పట్టుకున్నాడు. బజ్జీ మాట పుట్టినప్పుడు ఆయన కూడా నమ్మినవాడే.

ఒడ్డుకొచ్చాక తాయమ్మకు నేనే చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను. ఆమె తన ఇంటి గోడ మీద అరచెయ్యి ఆనించి నిలబడింది.

“ఈ గోడల్ల గూడ గదే ఇసుక మేడమ్. ఆయనే ట్రాక్టరు తోలె. పూడిపోయి ఉంటదనుకున్నడు. అందుకే భయం లేకుంట నడిచిండు,” అంది. తర్వాత ఇంకో మాట అడిగింది. “అయితే ఆయన ఒక్కపొద్దు ఇడువలే గద?”

“లేదమ్మా. ఆయన తప్పేం లేదు,” అన్నాను. ఆమె చెంగు నోట్లో కుక్కుకుని అప్పుడు ఏడ్చింది.

జాతర

రేవు మార్చండి అన్నాను. కుదరదన్నారు. పోనీ ముందుకు తిరిగి నడవమనండి అన్నాను. “అమ్మ ఊరికి ఈపు తిప్పుతదా మేడమ్? గది మాత్రం అడగకుండ్రి,” అన్నాడు బసన్న. నాకు ఒళ్ళు మండింది. ఒక మనిషి పోయాక కూడా ఈ పట్టుదలేమిటి? ఏమీ తోచక, గుంత అంచు పొడుగునా నీళ్ళలో మనుషుల్ని నిలబెట్టండి, మోసేవాడికి వెనక కళ్ళు లేకపోతే ఊరు కళ్ళవ్వాలి కదా అని అరిచాను. కోపంలో అన్న మాట. బసన్న మాత్రం దాన్ని పట్టుకున్నాడు.

జాతర రోజు డప్పులు, గుగ్గిళ్ళు, పసుపు నీళ్ళు. తెల్లారగానే పడవలోంచి నేనూ అప్పలరాజూ గుంత అంచు వెంబడి వెదురు గడలు పాతాం. మా సముద్రంలో ఇలాంటి పని చెయ్యాలంటే పెద్ద బోయాలు, నీళ్ళ మీద తేలే గుర్తులు, కావాలి. ఇక్కడ నలుగురు ఈతగాళ్ళు నడుములకు తాళ్ళు కట్టుకుని గడల ముందు వరసగా నిలబడ్డారు. మధ్యలో ఒక చోటు ఖాళీగా ఉంచారు. ఎవరి కోసమో నాకు తెలియలేదు.

బసన్న గుడి మెట్ల మీద నుంచి అందరికీ వినపడేలా పిలిచాడు. “తాయమ్మా, మెట్టెక్కు. అమ్మకు మొదటి నీళ్ళు నువ్వే పొయ్యి.”

ఆమె మెట్టెక్కింది. నీళ్ళు పోసింది. దిగి, తిన్నగా ఏట్లోకి నడిచి, ఆ ఖాళీ చోట్లో నిలబడింది. ఎవరో తాడు అందించారు. నడుముకు కట్టుకుంది. వెనకాలే, చెయ్యి చాపితే అందేంత దూరంలో, ఆమె భర్త పోయిన గుంత. నేను ఒడ్డున కూర్చుని చూస్తున్నాను.

మారెప్ప దిగాడు. ఇత్తడి ముఖం ఊరిని చూస్తోంది. మోకాలుబంటి, మొలబంటి. డప్పులు ఆగిపోయాయి. అతని కళ్ళు మాకు కనిపిస్తున్నాయి, అవి మూసుకుపోతున్నాయి. అడుగు తీసి అడుగు వేస్తున్నాడు. నీళ్ళు రొమ్ము దాకా వచ్చేసరికి వెనక నుంచి తాయమ్మ రెండు చేతులూ చాచి అతని వీపు మీద ఆనించింది.

“ఆగు మరిదీ,” అంది. “నేల గింతే.”

మారెప్ప మూడు మునకలు వేశాడు. ప్రతిసారీ ఆమె చేతులు అతని వీపు మీదే ఉన్నాయి.

నా పటంలో ఆ గుంతను ఉన్నదున్నట్టు గీసి ఇచ్చాను. ఎర్ర రంగేశాను. తిరుగు ప్రయాణంలో రాయచూరులో వెంకటేశ్ మళ్ళీ హోటలు ముందు ఆపి మిర్చి బజ్జీ తెప్పించాడు. అప్పలరాజు తిన్నాడు. నాకు ముద్ద దిగలేదు.